మీటరు విప్పే ముందు ట్యాంకు దగ్గరికి వెళ్లండి

(ఒక పారిశ్రామిక శిక్షణ సంస్థలో మోటారు మెకానిక్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లు కొంచెం ముందుకు రండి. ఈ బల్ల మీద ఉన్నది మారుతి 800 మీటరు బోర్డు. కార్బొరేటర్ బండిది. చేతులు మారుస్తూ చూడండి, ముల్లును మాత్రం ముట్టుకోవద్దు. అద్దం ముందే తీసి ఉంచాను.

ఇంకా ఈ కాలంలో 800 మీటరు ఏమిటని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. 1983 డిసెంబరులో గుర్‌గావ్‌లో ఈ కారు మొదటి తాళాలు చేతులు మారాయి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. అంతకు ముందే, 2010లో, కాలుష్య నిబంధనలు మారడంతో హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో అమ్మకం నిలిపేశారు. అయినా మన ఊళ్లలో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. కొత్త బండ్లలో మీటరు అంటే ఒక తెర, దాని వెనక ఒక కంప్యూటర్. అది పాడైతే విప్పి మొత్తంగా మార్చడమే తప్ప నేర్చుకునేది తక్కువ. ఇందులో అలా కాదు. ప్రతి ముల్లూ ఎందుకు కదులుతుందో కంటితో చూడవచ్చు. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి వస్తువు నాకు తెలియదు.

ఈ బోర్డు ఊడదీయడం పెద్ద విద్యేమీ కాదు. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చిన ఎవరైనా కాసేపట్లో తీసేస్తారు. అసలు చిక్కు వేరే ఉంది. విప్పనక్కరలేని మీటర్లను విప్పడమే మన షెడ్లలో జరిగే పెద్ద తప్పు. పెట్రోలు ముల్లు లేవడం లేదని బండి వస్తుంది, కుర్రాడు వెంటనే డాష్‌బోర్డు మీద పడతాడు. లోపం చూస్తే వెనక ట్యాంకులో పెట్రోలు మీద తేలే ఫ్లోటులో ఉంటుంది. ఈలోగా పాతికేళ్ల ప్లాస్టిక్ ఎక్కడో చిట్లుతుంది. లేని రోగానికి కోత కోసి, ఆ కోతకు మళ్లీ మందు వేయాల్సి వస్తుంది. అందుకే ముందు బండిని అడగడం నేర్చుకోండి.

స్పీడోమీటరుతో మొదలుపెడదాం. గేర్‌బాక్స్ నుంచి ఒక కేబుల్ వస్తుంది. లోపల మెలితిప్పిన ఉక్కు తీగ, దాని కొస చతురస్రంగా ఉంటుంది. ఆ కొస మీటరు వెనక ఉన్న రంధ్రంలో కూర్చుని, లోపలి అయస్కాంతాన్ని తిప్పుతుంది. అయస్కాంతం చుట్టూ పలుచని అల్యూమినియం గిన్నె. ఒకదానికొకటి తగలవు. అల్యూమినియాన్ని అయస్కాంతం అంటుకోదని మీకు తెలుసు. అయినా అయస్కాంతం తిరుగుతున్నప్పుడు గిన్నెలో సుడి విద్యుత్తు పుడుతుంది, దాని బలానికి గిన్నె కూడా తిరగబోతుంది. సన్నని స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఈ రెండింటి లాగులాటలో ముల్లు ఎక్కడ నిలిస్తే అదే వేగం. 1902లో జర్మనీలో ఒట్టో షుల్జ్ పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. దాదాపు వందేళ్లు ప్రపంచంలో ఎక్కువ కార్లు దీని మీదే నడిచాయి.

కిలోమీటర్లు లెక్కపెట్టే అంకెల చక్రాలకు ఈ అయస్కాంతపు లాగుడుతో సంబంధం లేదు. అవి పళ్ల చక్రాల ద్వారా నేరుగా కేబుల్‌తో కదులుతాయి. ఈ ఒక్క విషయం గుర్తుంటే సగం పరీక్ష కూర్చున్నచోటే అయిపోతుంది. ముల్లు కదలడం లేదు, అంకెలు తిరుగుతున్నాయి అంటే కేబుల్ బాగుంది, లోపం మీటరు లోపల. అంకెలు తిరగడం లేదు, ముల్లు బాగుంది అన్నా లోపలే, అక్కడి ప్లాస్టిక్ పళ్లు విరిగి ఉంటాయి. రెండూ చచ్చిపోయాయా? అప్పుడు మీటరు జోలికి వెళ్లకండి. కేబుల్ తెగి ఉంటుంది, లేదా గేర్‌బాక్స్ దగ్గరి చిన్న గేరు అరిగి ఉంటుంది. బానెట్ ఎత్తి, కింది కొస ఊడదీసి చూడండి. ముల్లు వణుకుతూ ఊగుతోందంటే కేబుల్ ఎండిపోయి ఉంటుంది, లేదా ఎక్కడో ముడిపడినట్టు వంగి ఉంటుంది. ముల్లు చివరికంటా వెళ్లి అక్కడే ఉండిపోతే మాత్రం స్ప్రింగు పోయిందనో, గిన్నె అయస్కాంతానికి రాసుకుంటోందనో అనుమానించాలి. అప్పుడు విప్పాల్సిందే.

ఇంకొక ఫిర్యాదు వస్తుంది. 'మీటరు తక్కువ చూపిస్తోందండీ, పక్క బండి వాడు వేరే వేగం చెబుతున్నాడు' అంటారు. వెంటనే చక్రాలు చూడండి. 800కు 145/70 కొలతలో 12 అంగుళాల టైరు వస్తుంది. అందం కోసం అల్లాయ్ చక్రాలతో 155/65 కొలత 13 అంగుళాల టైర్లు వేయిస్తారు. ఆ టైరు వ్యాసం దాదాపు 5 శాతం ఎక్కువ. మీటరు 60 చూపిస్తుంటే బండి 63 దగ్గర పోతోందన్నమాట. ఆ మీటరును నువ్వు ఎన్నిసార్లు విప్పినా అది మారదు.

పెట్రోలు ముల్లుకూ, ఇంజను వేడి ముల్లుకూ కేబుల్ ఉండదు, కరెంటుతో కదులుతాయి. తాళం తిప్పగానే ముల్లు మెల్లగా పాకుతూ పైకి లేస్తోందంటే లోపల వేడికి వంగే లోహపు పట్టీ ఉందని అర్థం. పాత జపాన్ తరహా మీటర్లలో చాలావరకు ఇదే. ట్యాంకులో ఫ్లోటు, దానికి ఒక రెసిస్టెన్స్, అంటే కరెంటును అడ్డుకునేది. ట్యాంకు నిండితే రెసిస్టెన్స్ తగ్గుతుంది, కరెంటు ఎక్కువ పారుతుంది, పట్టీ ఎక్కువ వంగుతుంది. కాబట్టి పరీక్ష ఇలా చేయండి. ట్యాంకు దగ్గర ఫ్లోటు వైరు ఊడదీయండి. 12 వోల్టులు, 3.4 వాట్లు ఉన్న చిన్న బల్బు ద్వారా ఆ వైరును బాడీకి కలపండి. కలిపిన తరువాతే తాళం తిప్పాలి. ట్యాంకు దగ్గర నిప్పురవ్వ రాకూడదు కదా. ముల్లు పైకి లేచిందా? మీటరు బాగుంది, వైరు బాగుంది, ఫ్లోటు పోయింది. లేవకపోతే అప్పుడు మీటరును అనుమానించు. బల్బు ఎందుకు, నేరుగా వైరును బాడీకి తగిలిస్తే పోదా అని కొందరు అడుగుతారు. పోతుంది, మీటరు కూడా పోతుంది. ఆ పట్టీ చుట్టూ ఉన్న సన్నని తీగ అంత కరెంటు ఎక్కువసేపు భరించలేదు.

వేడి ముల్లుకూ ఇదే పద్ధతి, ఇంజను దగ్గరి సెన్సారు వైరుతో. రెండు ముళ్లూ ఒకేసారి తప్పు చూపించడం మొదలుపెడితే మాత్రం ఫ్లోటునూ సెన్సారునూ వదిలేయండి. రెండూ ఒకే రోజు పాడవడం అరుదు. రెండింటికీ కలిపి వచ్చే కరెంటులోనో, ఎర్తులోనో, అంటే కరెంటు బాడీ గుండా వెనక్కి వెళ్లే దారిలోనో, లోపం ఉంటుంది.

(ప్రేక్షకుల్లోంచి: సార్, రాత్రి హెడ్‌లైట్ వేస్తే ముల్లు కిందికి దిగుతుంది, అది?)

మంచి ప్రశ్న. అది కూడా ఎర్తే. దీపాలు వెలిగినప్పుడు ఎక్కువ కరెంటు వెనక్కి పోవాలి, దారి తుప్పు పట్టి ఉంది, అందుకని పక్క దారుల్లో దూరుతుంది. మీటరు బోర్డు నుంచి బాడీకి వెళ్లే నల్ల వైరు స్క్రూ ఎక్కడుందో వెతికి, గీకి, బిగించండి. బాబూ, దీనికి బోర్డు తీయనక్కరలేదని ఇప్పుడు నీకే తెలిసింది.

సరే, అన్నీ అడిగాం, లోపం లోపలే ఉందని తేలింది. ఇప్పుడు విప్పుదాం.

మొదట బ్యాటరీ నెగటివ్ తీయండి. తాళం తీసేసి ఉంది కదా, కరెంటు ఎక్కడిది అనుకోవద్దు. డాష్‌బోర్డు వెనక తాళంతో సంబంధం లేకుండా ఎప్పుడూ కరెంటు ఉండే వైర్లు కొన్ని ఉంటాయి. నెగటివే ఎందుకు ముందంటే, పాజిటివ్ మీద పానా పెట్టి తిప్పుతున్నప్పుడు అది బాడీకి తగిలితే మెరుపు మెరుస్తుంది. నెగటివ్ మీద ఉన్నప్పుడు తగిలితే ఏమీ కాదు, అది బాడీకే కలిసి ఉంది. మీ దగ్గరికి వచ్చిన బండిలో స్టీరింగు మీద ఎయిర్‌బ్యాగు గుర్తు ఉంటే బ్యాటరీ తీసిన తరువాత ఆ కంపెనీ పుస్తకం చెప్పినంత సేపు ఆగండి. ఈ పాత 800లో ఆ బెడద లేదు.

రెండోది, అంకెలు రాసుకోండి. కిలోమీటర్ల అంకెను ఫోనుతో ఫోటో తీసి, జాబు కార్డు మీద రాసి, యజమాని చేత సంతకం పెట్టించండి. దీని మీద మళ్లీ మాట్లాడతాను.

మూడోది స్క్రూడ్రైవర్. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కాదు. జపాన్ బండ్ల స్క్రూల తలమీది ప్లస్ గాడి మనం మామూలుగా కొనే ఫిలిప్స్ స్క్రూడ్రైవర్‌కు సరిగ్గా సరిపోదు. ఫిలిప్స్ కొస పైకి జారి, గాడిని అరగదీస్తుంది. జపాన్ ప్రమాణం కొసలు విడిగా దొరుకుతాయి, ఒకటి కొనుక్కోండి. గాడి పోయిన స్క్రూను డ్రిల్లుతో తీయాల్సి వస్తే ఆ దుమ్మంతా మీటరులోకే పోతుంది.

స్టీరింగు కాలమ్ మీద ఒక మెత్తని గుడ్డ పరవండి. జారిన స్క్రూ దాని మీద పడుతుంది, వెనక్కి వచ్చే బోర్డు అద్దం కూడా గీతలు పడకుండా ఉంటుంది. ఇప్పుడు మీటరు చుట్టూ ఉన్న గొడుగులాంటి కప్పు తీయాలి. దాని స్క్రూలు చాలా కార్లలో గొడుగు అంచు కింద, తల వంచి పైకి చూస్తే తప్ప కనిపించని చోట ఉంటాయి. కొన్ని కార్లలో ఒక స్క్రూను ఏదైనా స్విచ్ వెనకో, చిన్న మూత కిందో దాచి ఉంచుతారు. కప్పు కదులుతోంది కానీ రావడం లేదంటే బలం పెంచకండి, ఇంకొక స్క్రూ ఉంది. దాన్ని వెతకండి. మన రాయలసీమ ఎండలో, కోస్తా ఎండలో ఇరవై ముప్పై వేసవులు అద్దం వెనక కాగిన ప్లాస్టిక్ అది. పైకి మెరుస్తూనే ఉంటుంది, లోపల జీవం ఉండదు. కొత్త ప్లాస్టిక్ వంగుతుంది, ఇది విరుగుతుంది. ఇనుప స్క్రూడ్రైవర్‌తో పెకలించే అలవాటు మానుకోండి. చెక్కదో ప్లాస్టిక్‌దో పలుచని పట్టీ వాడండి.

కప్పు వచ్చిన తరువాత బోర్డును పట్టి ఉంచే స్క్రూలు ఎదురుగానే కనిపిస్తాయి. అవి తీయగానే బోర్డు మీ వైపు ఒక అంగుళం వస్తుంది, ఆగుతుంది.

పాడయ్యేదంతా ఇక్కడే పాడవుతుంది. మిగతాదంతా మరిచిపోయినా ఇక్కడ చెప్పేది మరిచిపోకండి. బోర్డు ఆగింది అంటే వెనక కేబుల్ పట్టుకుంది. ఇంకొంచెం లాగితే వస్తుందేమో అని లాగుతారు. ఏదో ఒకటి వస్తుంది, నిజమే. కేబుల్ కొసన ఉన్న ప్లాస్టిక్ నాలుక విరుగుతుంది, లేదా మీటరు వెనకి గొట్టం చిట్లుతుంది. ముందు బానెట్ ఎత్తండి. ఇంజనుకూ మనం కూర్చునే చోటుకూ మధ్య ఉండే రేకు గోడే ఫైర్‌వాల్. కేబుల్ దాన్ని దాటే చోట రబ్బరు ఉంటుంది. దాన్ని వదులు చేసి, కేబుల్‌ను ఇంజను వైపు నుంచి లోపలికి కొంచెం తోయండి. అప్పటికీ చాలకపోతే గేర్‌బాక్స్ దగ్గరి కొస ఊడదీయండి. ఇప్పుడు బోర్డు చెయ్యి పట్టేంత ముందుకు వస్తుంది. వెనక్కి చెయ్యి పోనిచ్చి, కేబుల్ కొసన ఉన్న నాలుకను వేలితో నొక్కి, తిన్నగా లాగండి. పక్కకు వంచవద్దు.

వైర్లను బోర్డుకు కలిపే కప్లర్లకూ నొక్కుడు నాలుకలే. వైరు పట్టి లాగకూడదు, కప్లర్ ఒంటిని పట్టుకోవాలి. తీసే ముందు ఫోటో తీయండి, ఏది ఎక్కడిదో రంగు టేపు అంటించండి.

బోర్డు ఇప్పుడు చేతిలో ఉంది. తిప్పి వెనక చూడండి. సన్నని ప్లాస్టిక్ పొర మీద రాగి గీతలు కనిపిస్తున్నాయా? వైర్ల బదులు కరెంటును మోసేది అదే. పాతబడితే పాత పంచాంగం కాగితంలా పెళుసుగా మారుతుంది. మడత పెట్టకండి, గోటితో గీకకండి. నల్లబడిన చోట పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దితే చాలు. మీటర్ల వెనక చిన్న నట్లు ఉన్నాయి చూశారా, ఈ రాగి గీతలను మీటరుకు అదిమి పట్టేవి అవే. చాలాసార్లు ఈ నట్లు వదులై ఉండటమే రోగం. బిగించగానే ముల్లు బతుకుతుంది.

బల్బు హోల్డర్లు పావు చుట్టు తిప్పితే వస్తాయి. వెలుగు చాలడం లేదని ఎక్కువ వాట్ల బల్బు పెట్టే వాళ్లను చూశాను. హోల్డరు కరుగుతుంది, డయలు పచ్చబడుతుంది. అద్దాన్ని సబ్బు నీళ్లతో, మెత్తటి గుడ్డతో తుడవండి. పెట్రోలు, థిన్నరు దాని దగ్గరికి రానివ్వకండి. అది గాజు కాదు, పాలలాగా తెల్లబడిపోతుంది.

ఇక ఆ అంకెల సంగతి. ఈ చక్రాలు ఎంత సులువుగా తిరుగుతాయో మీరు ఇప్పుడు చూశారు. కనుక మీ జీవితంలో ఎవరో ఒకరు వచ్చి, బండి అమ్ముతున్నాను, కొంచెం తగ్గించి పెట్టు అంటారు. అది మరమ్మతు కాదు, కొనేవాడిని మోసం చేయడం. అతను ఆ అంకెను నమ్మి టైమింగ్ బెల్టు మార్చాలో వద్దో నిర్ణయించుకుంటాడు. ఆ బెల్టు దారిలో తెగితే బండి ఎక్కడ ఆగుతుందో ఎవరు చెప్పగలరు? అమెరికాలో 1972లోనే దీనికి ప్రత్యేకంగా చట్టం చేశారు. మీటరు మార్చినప్పుడు పాత అంకెను కొత్త దానిలో పెట్టలేకపోతే, సున్నా నుంచి మొదలుపెట్టి, పాత అంకె ఎంతో రాసిన చీటీ డ్రైవరు తలుపు అంచున అంటించాలి. ఆ పద్ధతిని మన షెడ్డులో పాటించవద్దని ఎవరూ అనలేదు. పాత అంకె, కొత్త అంకె, తేదీ, మూడూ బిల్లు మీద రాయండి. అందుకే ఇందాక సంతకం అన్నాను. రేపు పేచీ వస్తే మీకూ అదే రక్ష.

తిరిగి బిగించే ముందు కేబుల్ చూడాలి. ఉక్కు తీగను తొడుగులోంచి లాగి, కిరసనాయిలుతో కడిగి, తుడిచి, పలుచగా గ్రీజు రాయండి. కింది నుంచి మూడింట రెండు వంతుల వరకే. మీటరు వైపు మిగతాది పొడిగా వదిలేయండి. తీగ మెలికల వెంట గ్రీజు తిరుగుతూ పైకి ఎక్కుతుంది. పైన అల్యూమినియం గిన్నెలోకి చేరిందంటే ముల్లు అంటుకుపోతుంది. ఇష్టంగా పూసే వాళ్ల బండ్లే తిరిగి వస్తాయి.

మీటరు సరిగ్గా చూపిస్తోందో లేదో బల్ల మీదే పరీక్షించవచ్చు. జపాన్ ప్రమాణం ప్రకారం కేబుల్ నిమిషానికి 637 చుట్లు తిరిగితే ముల్లు 60 దగ్గర నిలవాలి. కిలోమీటరుకు 637 చుట్లన్నమాట. వేగం తెలిసిన డ్రిల్లుకు ఒక కేబుల్ ముక్క బిగించి తిప్పి చూడండి, దిశ సరిచూసుకుని. వేరే దేశపు మీటరుకు ఈ లెక్క వర్తించదు. డయలు మీద చిన్న అక్షరాల్లో అంకె రాసి ఉంటుంది, చదవండి.

బిగించేటప్పుడు కేబుల్ కొసలోని చతురస్రం రంధ్రంలో కూర్చుందో లేదో వేళ్లతో తీగను కొంచెం తిప్పి చూసి, అప్పుడు నొక్కండి. స్క్రూలన్నీ బిగించక ముందే బ్యాటరీ కలిపి తాళం తిప్పండి. నూనె దీపం, ఛార్జింగ్ దీపం రెండూ వెలగాలి. వెలగకపోతే ఇప్పుడే తెలియడం మేలు.

(ఒక విద్యార్థిని: సార్, బోర్డు తీసి రిపేరుకు పంపినప్పుడు బండి నడపవచ్చా?)

నడపవద్దనే చెబుతాను తల్లీ. వేగం తెలియదని మాత్రమే కాదు. ఆ ఎర్ర ఛార్జింగ్ దీపం ఉంది చూశావా, అది ఉత్త దీపం కాదు. చాలా పాత కార్లలో బ్యాటరీని నింపే ఆల్టర్నేటరుకు మొదటి కరెంటు ఆ బల్బు గుండానే వెళుతుంది. బోర్డు లేకపోతే ఆ దారి తెగినట్టే. ఇంజను తిరుగుతుంది, బ్యాటరీ మాత్రం నిండదు. సాయంత్రానికి దీపాలు మసకబారతాయి. అక్కడ ఎల్ఈడీ పెట్టినా ఇదే గతి, దానిలోంచి పోయే కరెంటు చాలదు. వెలుగు కోసం పెట్టే బల్బులను మార్చుకో, ఆ ఒక్కదాన్ని మార్చకు. పైగా నూనె ఒత్తిడి తగ్గితే చెప్పే దీపం కూడా ఆ బోర్డులోనే ఉంది కదా. చట్టం సంగతి చూసినా, మోటారు వాహనాల నిబంధనలు వేగం చూపే మీటరు ఉండాలనే అంటున్నాయి.

(మరొకరు: అంబాసిడర్‌కు కూడా ఇలాగేనా సార్?)

పద్ధతి అదే, జాగ్రత్తలు వేరు. పాత బ్రిటిష్ తరహా బండ్లలో కేబుల్ కొసన నొక్కుడు నాలుక ఉండదు, చేత్తో తిప్పే గరుకు నట్టు ఉంటుంది. పట్టకారుతో పట్టి తిప్పకండి, వేళ్లే చాలు. అంతకంటే ముఖ్యమైనది, ఆ కాలపు కొన్ని బండ్లలో వేడి మీటరు కరెంటుది కాదు. మీటరు వెనక నుంచి ఇంజను దాకా సన్నని రాగి గొట్టం పోతుంది, లోపల త్వరగా ఆవిరయ్యే ద్రవం ఉంటుంది. దాన్ని వైరనుకుని కత్తిరించినా, మడత పెట్టినా ఆ మీటరు పని అయిపోయినట్టే. అటువంటిది కనిపిస్తే ముందు ఇంజను దగ్గర నీళ్లు చల్లారనిచ్చి, ఆ కొస విప్పి, గొట్టంతో సహా మొత్తంగా బయటికి తీయాలి. కొన్ని పాత జీపుల్లో నూనె ఒత్తిడి మీటరుకు నేరుగా నూనె గొట్టమే వస్తుంది. దాన్ని విప్పితే నూనె మీ ఒళ్లోకి కారుతుంది. కింద ఒక డబ్బా పెట్టుకోండి. ఇక ఆ బోర్డు ఇటు ఇవ్వండి, ఒక్కొక్కరు వచ్చి ఆ వెనక నట్లు బిగించి చూపించండి.